సువార్త గారు తాగని మొదటి గ్లాసు

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షులైన రెవరెండ్ లూకా గారికి, వేదిక మీది పెద్దలకు, లాలాగూడ నుంచీ మల్కాజ్‌గిరి నుంచీ బస్సులు మారి వచ్చిన మిత్రులకు నమస్కారం.

నేను ఆర్థర్‌ని. డాక్టర్ సువార్త గారూ నేనూ నీటి పరీక్షల ల్యాబులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. ఆవిడ ఉద్యోగం మానేసి కార్పొరేటర్‌గా నిలబడతానంటే వద్దని మొత్తుకున్నవాణ్ణి నేనే, ఎందుకంటే ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాసే మనిషికి ఓట్లెవరు వేస్తారని నా అనుమానం. మొదటిసారి వేశారు. (నవ్వులు) మీరు నవ్వకండి లూకా గారూ, మీరూ వద్దన్నారు.

గెలిచాక బస్తీకి బోరు వేయించారు. మళ్లీ ఎన్నికలు దగ్గర పడ్డాక ప్రారంభోత్సవం. మన రివాజు తెలిసిందే, నల్లా తిప్పి మొదటి గ్లాసు నాయకులు తాగాలి, ఫొటో దిగాలి. పరీక్ష ముందే అయిపోయిందని కాంట్రాక్టరు చెప్పాడు. ఈవిడ గ్లాసు వాసన చూసి పక్కన పెట్టి, బ్యాగులోంచి పరీక్షకు నీళ్లు పట్టే సీసా తీశారు. ఏ నీళ్లు పట్టాలో ఆ నీళ్లతోనే ముందు సీసా కడగడం మా ల్యాబు పద్ధతి. అలా కడిగి పారబోస్తుంటే పుష్పమ్మ, అదిగో ముందు వరుసలో ఉంది, కేకేసింది: "ఏందమ్మా గట్ల పారబోస్తున్నవ్? నీళ్లొచ్చుడే కష్టమైతే!"

పరీక్షలో ఫ్యాక్టరీ రసాయనాలు తేలాయి. ఎన్నికలయ్యాక చెబుదామని పార్టీవాళ్లు బతిమాలారు. "అందాకా పిల్లలేం తాగుతారు?" అని ఆవిడ బోరు మూయించారు. బిందెలు మళ్లీ ట్యాంకర్ల దగ్గరికి చేరాయి. ఆవిడ ఓడిపోయారు. పుష్పమ్మా, నువ్వు ఓటేశావా? ("లే సార్, ఆమె మొఖం మీదనే చెప్పిన." నవ్వులు)

నాకు మాత్రం నవ్వు రావడం లేదు. తెలిసి తెలిసి ఓడిపోయిన మనిషిని చూస్తే గర్వంగానూ ఉంటుంది, ఏడుపూ వస్తుంది. పదవిలో మిగిలిన రోజులన్నీ ఆఫీసుల చుట్టూ తిరిగి మంజూరు చేయించిన మంజీరా నది నీళ్లు ఆవిడ దిగిపోయాక బస్తీ నల్లాలకు వచ్చాయి. ఆ రిబ్బను వేరెవరో కత్తిరించారు, ఈవిడను పిలవను కూడా లేదు. ఇవాళ రాజకీయాలు చాలంటున్నారు. వద్దనడానికి నాకు నోరు రావడం లేదు.

అరె, పుష్పమ్మ గ్లాసు పట్టుకుని వేదిక ఎక్కుతోందే!

"మా నల్లా నీళ్లమ్మా. జెర తాగు."

సువార్త గారి చెయ్యి అలవాటుగా బ్యాగులోకి పోతోంది. (నవ్వులు)

"సీసా తియ్యకమ్మా! రోజూ తాగుతున్నం, పిల్లలు సుత మంచిగున్నరు."

బ్యాగు మూసేశారు. గ్లాసు అందుకున్నారు.

తాగారు.

ఆనాడు సగంలో ఆగిన ప్రారంభోత్సవం ఇప్పటికి పూర్తయింది. ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నేను మాట్లాడలేను, సెలవు.