థోల్ అన్న మాట

వలలు ఆరేసే గోడ దగ్గర గ్రిజెల్ జాలరి నినియన్‌కు అడ్డంగా నిలబడింది. ఆమె భర్త రాబ్‌ను పడవలోంచి సముద్రంలోకి తోసి చంపాడన్న నేరం మీద అతన్ని విచారించి, ఆ ఉదయమే నిర్దోషి అని వదిలేశారు.

“దారివ్వు వదినా. విచారణ థోల్ చేశాను. అయిపోయింది.”

“ఏం మాట పట్టావయ్యా! మా అమ్మ పురిటి నొప్పులు థోల్ చేసింది. నేను ఆకలి థోల్ చేస్తున్నాను. ఓర్చుకునేవాళ్ళ మాట అది. నువ్వేం ఓర్చావని?”

“న్యాయస్థానంలో ఎప్పటినుంచో ఉన్న మాటే. విచారణకు నిలబడటాన్నీ అలాగే అంటారు. ఒకసారి థోల్ చేసినవాణ్ణి అదే నేరానికి మళ్ళీ నిలబెట్టకూడదు.”

“తెలుసు. అందుకే వచ్చాను. ఇప్పుడు నిజం చెప్పినా నీ మెడకు ఉరి పడదు. తోశావా?”

“దేవుడి తోడు, తొయ్యలేదు. కెరటం కొడితే జారిపడ్డాడు.”

“మరి నా మొహం చూడవేం?”

నినియన్ టోపీ తీసి నలిపాడు.

“చెయ్యి చాచాడు వదినా. నాకు అందేంత దగ్గర్లోనే. అంతకుముందే నన్ను దొంగ అన్నాడు. ఆ కోపంలో... పట్టుకోలేదు. పోనిచ్చాను.”

చూస్తూ పోనివ్వడానికి కూడా వాళ్ళ ఊరి భాషలో ఉన్నది ఆ మాటే.

“అదీ థోలే నినియన్. పద, మా అత్తకు చెప్పు.”

“ఆవిడ తట్టుకోలేదు వదినా.”

“తట్టుకుంటుంది. నీకే కష్టం,” అంటూ అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిచింది.