నాలుగో నంబరు సీసా

వైన్ కొట్టు వెనక గదిలో బల్లకి అటు అన్న, ఇటు చెల్లెలు. మధ్యన పేర్లు కనపడకుండా గుడ్డ తొడుగులేసిన సీసాలు. ఒక తల్లి బిడ్డలే గాని, ఆ పూట చూసినవాళ్లెవరూ అలా అనుకోరు.

"మూడోదాని సంగతి ఇంకా చెప్పలేదు నువ్వు."

"చెబుతా, తొందరేముంది? ముందు నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్పాలి అన్నయ్యా? జనం పెద్దముక్కు అని పిలిచేది నిన్నా, నన్నా?"

"నన్నే. నీకు ఎంతవరకు వచ్చిందో చూద్దామని అడుగుతున్నా."

"ఓహో, నాకు పరీక్షా. సరే. నిమ్మతొక్క వాసన. వెనకాల కాస్త పచ్చగడ్డి."

"ఆఁ. నిమ్మతొక్క, పచ్చగడ్డి. నేనూ అదే అనబోతున్నా."

"ఈమధ్య నువ్వు ఎప్పుడూ అదే అనబోతుంటావు."

"వెటకారం తర్వాత. పులుపు ఎక్కువ, ఉమ్మేస్తే నాలుక మీద ఏమీ నిలవదు. చవక తెల్లవైన్, అంతకన్నా ఏం వస్తుంది? సగం మార్కులు వెయ్యి."

"వేశాను. ఆ పొయ్యి మీద ఏంటి?"

"పాలు. ఇదయ్యాక నీకు టీ పెడదామని. సన్నమంట మీదే ఉన్నాయిలే."

"రుచి చూసే గదిలో పాలు కాస్తున్నావా? ఒంటికి సబ్బు వాసన వస్తోందని మా ఆయన్ని గుమ్మంలోంచే వెనక్కి పంపిన మనిషివి."

"అప్పుడు వేరు."

"ఇప్పుడేం మారింది?"

"మీ ఆయనే మారాడు. సబ్బు మానేశాడు."

"నవ్వించకు. నాకు నవ్వు రావడంలేదు. ఇవాళ తేలిపోవాలి. ఏటా ఒక్క చవక వైన్‌కి 'పెద్దముక్కు మెచ్చింది' అని స్టిక్కరు వేస్తాం. ఆ స్టిక్కరు చూసి కళ్లు మూసుకుని కొంటారు జనం. ఈసారి కూడా నిరుటిలాంటి చెత్తకి వేశావో, తాళాలు ఈ బల్ల మీద పెట్టి ఇంటికెళ్లు."

"నాన్న కొట్టు ఇది. నన్ను పొమ్మనడానికి నువ్వెవరు?"

"సగం హక్కున్నదాన్ని. నిరుడు నీ బదులు తిట్లు తిన్నదాన్ని. నువ్వు జ్వరం నుంచి లేచి మొట్టమొదట మెచ్చిన సీసా కదా అది. జనం తీసుకొచ్చి నా మొహాన పెట్టారు. తడిసిన అట్టపెట్టె కంపు. నువ్వేమో గోడౌన్లో దాక్కున్నావు."

"సరుకు లెక్క చూసుకుంటున్నా."

"మూడు రోజులా? ఎవరో చేయిస్తే చేశావని అంటున్నారు బయట."

"ఎవరు చేయిస్తారు? మా బావమరిదికి దీంతో ఏం సంబంధం?"

"నేను నీ బావమరిది పేరెత్తానా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు."

"నువ్వు ఎత్తకపోయినా నీ కళ్లు ఎత్తుతున్నాయి."

"ఎత్తుతాయి మరి. వైన్ అతని తోటది. స్టిక్కరు నాన్న కొట్టుది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పరువంతా పట్టుకెళ్లి అతని సీసాలకి అంటించి వచ్చావు."

"రుచి చూద్దామా, తగువాడదామా? నాలుగోది గ్లాసులో వంచు."

"ఇదిగో. ఆగు, ఆగు. వాసన చూడకుండా నోట్లో పోసుకుంటావేంటి? ముందు ముక్కు, తర్వాత నోరు. నాన్న మనకి నేర్పిన మొదటి పాఠం."

"చూశానుగా."

"ఎప్పుడు చూశావు?"

"నువ్వు అరుస్తున్నప్పుడు. ఊఁ. ఇది బాగుంది. పులుపూ తీపీ సరిగ్గా కుదిరాయి. ఉమ్మేశాక కూడా నిలిచింది చూడు. నువ్వేమంటావు?"

"నేనేమీ అనను. వాసన ఎలా ఉంది?"

"వాసనకేం. పండు వాసన."

"ఏ పండు?"

"ఏదో పండు. తెల్లవైన్‌కి పండు వాసన కాక పెరుగు వాసన వస్తుందా? స్టిక్కరు దీనికే."

"ఐదోది చూడవా?"

"అక్కర్లేదు. ఈ ధరకి ఇంతకన్నా మంచిది దొరకదు. రాసుకో."

"రాస్తా. ముందు తొడుగు తియ్యి. నువ్వే తియ్యి, నీ చేత్తో."

"దానికేముంది... ఇదేంటి?"

"చదువు."

"ఇది నిరుటిది కదే."

"నిరుటిదే. తిరిగొచ్చిన పెట్టెలో ఒకటి దాచాను. పొద్దున నేనే బిరడా తీసి చూశాను, అదే కంపు. ఇక్కడికి కొడుతోంది. దీన్ని మళ్లీ మెచ్చావు నువ్వు."

"నాకు ఉచ్చు పన్నావా?"

"పన్నాను. తెలియక మెచ్చానని మాత్రం అనకు. చిన్నపిల్లాడు కూడా ముక్కు మూసుకుంటాడు దీనికి. సీసా మెడ చూసి బావమరిది సరుకని పట్టేశావు. అవునా, కాదా?"

"మెడా?"

"వాళ్ల సీసాలకి మెడ పొడుగు. గుడ్డ కింద కూడా తెలిసిపోతుంది. పట్టావా, లేదా?"

"పట్టాను."

"ఏంటీ?"

"పట్టాను అంటున్నా. మెడ చూసే. మా వాడిదని తెలిసే మెచ్చాను. చాలా?"

"ఇంత తేలిగ్గా ఒప్పుకుంటున్నావు. నువ్వేనా?"

"ఒప్పుకోకపోతే వదుల్తావా?"

"నిరుడు కూడా ఇంతేనా?"

"నిరుడు కూడా ఇంతే. అత్తారివైపు మనసు లాగింది. రాసుకో అది కూడా."

"సిగ్గులేదూ? నువ్వు బుకాయిస్తావని పొద్దుట్నుంచి తిట్లు కూడబెట్టుకున్నాను."

"తిట్టు. వింటున్నా."

"తిట్టడానికి కూడా పనికిరావు నువ్వు. తాళాలు తియ్యి. నేను షట్టరు దించి, వదినకి ఫోన్ చేసి వస్తా. తమ్ముడి కోసం మొగుణ్ణి ఎంతకి దిగజార్చిందో తనకీ తెలియాలి."

"దానికేమీ తెలియదు. దాన్ని మాత్రం ఏమీ అనకు."

"ఇక్కణ్ణుంచి కదలకు."

"ఎక్కడికి పోతాను."

"వెనక గదిలోకి వినబడుతోందా? వదిన ఫోన్ ఎత్తడంలేదు."

"ఎత్తదులే, పనిలో ఉంటుంది. షట్టరు మెల్లగా దించు, ఊడొస్తుంది."

"ఊడొస్తే నేను పెట్టించుకుంటా. నాన్న నీ కళ్లకి గంతలు కట్టి ఒక్కో గ్లాసూ అందించేవాడు. నువ్వు టపటపా చెప్పేసేవాడివి. నేను పక్కన కూర్చుని కుళ్లుకుని చచ్చేదాన్ని. అంత మంచి ముక్కు పెట్టుకుని ఇదేం బతుకు అన్నయ్యా?"

"ఆ ముక్కు నీకు వచ్చినా బాగుండేది."

"ఏంటి గొణుగుతున్నావు?"

"ఏంలేదు. తాళాలు బల్ల మీద పెట్టాను."

"వస్తున్నా. అబ్బా, ఏంటీ కంపు? అన్నయ్యా, పాలు."

"పాలా? అవును, అదే, దించుదామని లేస్తున్నా."

"దించడానికి ఏం మిగిలింది? గిన్నె అడుగంతా నల్లబడిపోయింది. కొట్టు సగం దాకా కొడుతోంది మాడు వాసన. పొయ్యి నీ వీపు వెనకే ఉంది."

"ధ్యాసలో లేను. నువ్వు అన్న మాటలకి..."

"ధ్యాసకీ ముక్కుకీ ఏం సంబంధం? ఇటు తిరుగు. ఈ నాలుగో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఏం వాసనో చెప్పు."

"వద్దే."

"చెప్పు."

"వద్దంటున్నానా."

"నేను నిమ్మతొక్క అంటే నిమ్మతొక్క అన్నావు. పచ్చగడ్డి అంటే పచ్చగడ్డి అన్నావు. ఎప్పట్నుంచి అన్నయ్యా?"

"కిటికీ తెరువు ముందు. నీకు దగ్గొస్తుంది."

"ఎప్పట్నుంచి?"

"ఆ జ్వరం దగ్గర్నుంచి."

"మరి మెడ చూసి పట్టానని ఎందుకన్నావు? నిన్ను నానా మాటలూ అన్నాను. నేను అంటుంటే కూర్చుని విన్నావేంటి?"

"అవి నీ దగ్గరే ఉంచుకో, తాళాలు. మీ వదిన అడిగినా, బయట ఎవరడిగినా, ముక్కు పోయిందనకు, బావమరిది కోసం కక్కుర్తిపడ్డాడనే చెప్పు."