గ్రావిటీ కాయితాలు

బొంతపల్లి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ. క్వాలిటీ ల్యాబ్ వెనక గాజు సామాను పెట్టుకునే చిన్న గది. ల్యాబ్‌లో పరీక్షలు చేసే నిషిత, ఆమె మేనేజర్ రాజశేఖర్, ల్యాబ్ ఊడ్చే ప్రభాకర్ తలుపు మూసుకుని మాట్లాడుతున్నారు.

"మెల్లగ మాట్లాడు నిషితా! బయట అమెరికా ఇన్‌స్పెక్టర్ మేడమ్ ఉన్నది."

"సార్, ఆమె నిజంగనే చెత్త సంచి తీసి చూసిందా?"

"చూసుడేంది, కింద కుమ్మరించింది. స్క్రాప్ యార్డ్‌ల, అందరి ముంగట. చింపిన కాయితం ముక్కలు ఏర్కొచ్చి బల్లమీద పేరుస్తున్నది."

"అయ్యో దేవుడా! ప్రభాకర్ కాకా, నా కాయితాలు చింపినవా? ఎట్లన్న జేసి బయట వడెయ్యుమన్న గని చింపుమన్ననా నిన్ను?"

"అది... బిడ్డా..."

"ట్రైనింగ్‌ల ఎన్నిసార్లు జెప్పిన్రు కాకా! ఈడ చిత్తు కాయితం గూడ చింపొద్దని. తప్పు రాస్తె ఒక్క గీత గొట్టి సంతకం వెట్టాలె. తనిఖీ నాడు చింపిన ముక్క దొరికిందంటె, ఫెయిలైన రిపోర్టులు దాస్తున్నమనే అనుకుంటరు గద!"

"ఎరికే బిడ్డా, గని..."

"ప్రభాకర్, నువ్వు ఊకో. ఇయ్యాల నువ్వు నోరే తెరవకు. నిషితా, ఇటు చూడు. ముందుగాల కూసో."

"కూసోను సార్. ఇప్పుడు ఏమైతది?"

"ఏమైతదా? అమెరికాకు మందు బందు. ఆ తర్వాత గేటుకు తాళం. ఊర్లకు ఊర్లు ఈ గేటు మీద బతుకుతున్నయ్, నీకు ఎర్కలేదా?"

"అంత నా వల్లనేనా సార్?"

"ఇంకెవరి వల్ల? కంపెనీ ప్రింటర్ల సొంత పుస్తకం ప్రింట్ గొట్టింది ఎవరు? నేను చూసి గూడ ఊకున్న. ఇంతకు ఏం పుస్తకమది?"

"పుస్తకం గాదు సార్, నోట్స్. గ్రావిటేషనల్ రేడియేషన్, స్పేస్‌టైమ్ క్లాసిఫికేషన్. సోమవారం పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఉన్నది నాకు."

"మందుల కంపెనీల గ్రావిటీ! బయట దొరకదా అది?"

"యాడ దొరుకుతది సార్? సంగారెడ్డి లైబ్రరీల అడిగితె గ్రూప్స్ పుస్తకాలు చూపిచ్చిన్రు. యూనివర్సిటీ లైబ్రరీకి వోతె కార్డు లేంది లోపలికి రానియ్యలే. ఎవరో ప్రొఫెసర్ పాఠాలు నెట్ల ఫ్రీగ వెట్టిండు. ఫోన్‌ల చూస్తె సగం ఈక్వేషన్ తెర బయటనే ఉంటది. పటాన్‌చెరుల జిరాక్స్ ఆయనకు పంపితె గుర్తులన్ని డబ్బాలు డబ్బాలు వచ్చినయ్. ఏది టెన్సర్ గుర్తో, ఏది ఉత్త డబ్బానో! ఇగ దిక్కులేక సెకండ్ షిఫ్ట్‌ల ఈడనే..."

"సరె సరె. ఇగ నేను జెప్పేది ఇను. మేడమ్ అడుగుతె ఆ ముక్కలన్ని నావే అను. చదువుకునే నోట్స్, భయపడి నేనే చింపిచ్చిన అను. గంతె. వేరే మాట వద్దు."

"నావే గద సార్. చెప్త. గని నా ఉద్యోగం?"

"ఉద్యోగం... కొన్నాళ్లు బయట ఉండాల్సొస్తది. కంపెనీ నిలవడితె నిన్ను నేను చూస్కుంట."

"ఇంట్ల నా జీతమే సార్. మళ్ల ఏ కంపెనీ తీస్కుంటది నన్ను? తనిఖీ నాడు కాయితాలు చింపిచ్చిన పిల్ల అంటరు."

"మరి ప్రభాకర్‌ను పంపుదామా? ఆయన పొట్ట గొడ్దామా?"

"వద్దు సార్! కాకను దీంట్ల ఇరికిచ్చిందే నేను. నేనే చెప్త."

"శభాష్. ఇంకో మాట. ఒకటి రెండు ముక్కల మీద గ్రాఫ్ ఉన్నది. లేచి పడే గీత. అదేందంటె గ్రావిటీ వేవ్ అని చెప్పు."

"గ్రాఫా? లేచి పడే గీతంటె... మందు పరీక్ష జేస్తె మన మిషిన్ల వచ్చే గ్రాఫ్ లెక్కనా?"

"అట్లంటవేంది! ఆ మాట ఆమె ముంగట అన్నవో, అందరం మునుగుతం."

"గని సార్, నా నోట్స్‌ల గ్రాఫ్ ఉన్నట్టు యాదికి లేదు. అంత ఈక్వేషన్లే."

"మొత్తం చదివినవా?"

"సగం దాక."

"మిగిలిన సగంల ఉంటది. భయంల ఏం యాదికుంటది నీకు? నేను పోయి ఆమెను కాన్ఫరెన్స్ రూమ్‌ల కూసోవెడ్త. పిలువంగనె రా. ప్రభాకర్, నడువ్, మాప్ కొట్టు పో."

"పిల్లకు జెర నీళ్లిచ్చి వస్త సార్."

"జల్దీ కానియ్. నోరు మాత్రం జాగ్రత్త."

"పోయిండా కాకా? తలుపు సరిగ్గ వెయ్యి."

"నీళ్లు తాగు బిడ్డా. మెల్లగ."

"ఆమె అడుగుతె అర్థమయ్యెటట్టు చెప్పాలె కాకా, లేకుంటె నమ్మది. నువ్వు ఇను. నీకు సమజైతె ఆమెకు గూడ సమజైతది. మన గేటు కాడ నిలవడితె ఎన్ని వాసనలొస్తయ్?"

"అబ్బో! పులుపు, మురుగు, కాలిన వాసన, అన్ని గల్సి ముక్కులు వల్గుతయ్."

"ఊర్లెకు వోతె?"

"ఒక్కటే వస్తది. కుళ్లిన గుడ్డు వాసన."

"గట్లనే. యాడనో ఆకాశంల రెండు బ్లాక్‌హోల్స్ గుద్దుకుంటె స్పేస్ అంత వణుకుతది. దగ్గర్ల అన్ని రకాల వణుకులు కల్సే ఉంటయ్. దూరం వచ్చినకొద్ది ఒక్కోటి సన్నగిలుతది. మనదాక వచ్చేది ఒక్కటే రకం, గ్రావిటీ వేవ్. ఏ జాగల ఏ రకమో గుర్తువట్టే లెక్కలే నా కాయితాల్ల ఉన్నయ్. సమజైందా?"

"వాసన దాక సమజైంది బిడ్డా."

"నవ్వియ్యకు కాకా, ఏడుపొస్తుంది. అరె, నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

"ఏం లేదు. ఏం లేదు."

"నా మీద కోపమా? పొద్దు పొద్దుగాల నీ చేతుల కట్ట వెట్టి నేనే పరేషాన్ జేసిన."

"గట్ల గాదు. భయమైతుంది బిడ్డా. శానా భయమైతుంది. నా పని సారు చేతులనే ఉన్నది. కోడలిని గూడ ప్యాకింగ్‌ల వెట్టిస్తనన్నడు."

"ఎప్పుడన్నడు?"

"పొద్దుగాల. ఆ తెల్లామె కారు గేటు కాడికి రాంగనె."

"గప్పుడా? అంత పరేషాన్ల నీ కోడలి ముచ్చట ఎందుకొచ్చింది?"

"నువ్వు చెప్పు బిడ్డా. నీ కాయితాల్ల గ్రాఫ్ లేదు గద? ఖాయమేనా?"

"నా మతి పోయింది కాకా, ఖాయంగ చెప్పలేను. ఎందుకడుగుతున్నవ్?"

"నిషితా! జల్దీ రా, మేడమ్ పిలుస్తున్నది!"

"వస్తున్న సార్! కాకా, చెయ్యి ఇడువు."

"ఇడువ. ఇని పో. నీ కాయితం ఒక్కటి గూడ సింపలే బిడ్డా. సదువుకునేటియి, సింపబుద్ది గాలే. అన్ని నా సద్ది సంచిల భద్రంగున్నయ్. నేను సింపింది సారు ఇచ్చిన గ్రాఫుల కట్ట."