గోవా ఓడ

2022 జనవరి. శశిధర్ ఢిల్లీ పక్కనే ఘాజియాబాద్‌లో పద్నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటాడు. రెండేళ్లుగా ఆఫీసు పని కూడా ఇంట్లోంచే. ముంబై నుంచి గోవా వెళ్లే ఓడలో తనకూ, అక్క కిరణ్మయి కుటుంబానికీ గదులు బుక్ చేసింది అతనే. ఆదివారం పొద్దున ఢిల్లీ వసంత్ కుంజ్ నుంచి అక్క ఫోన్ చేస్తే మొదటి రింగుకే తీశాడు.

"...అందుకని మా ముగ్గురివీ కాన్సిల్ చేసెయ్ రా. మీ బావ ఒప్పుకోవట్లేదు."

"బావా? నువ్వా?"

"ఇద్దరమూ అనుకో. వార్త చూశావా? ఏదో ఓడలో చాలామందికి పాజిటివ్ వచ్చిందట. ఒడ్డుకి వచ్చినా దిగనివ్వలేదట."

"చూశాను."

"చూసి కూడా?"

"మీవి కాన్సిల్ చేస్తాలే. నాది ఉంచుకుంటా."

"ఒక్కడివీ వెళ్లి ఏం చేస్తావు అక్కడ?"

"ఇక్కడ ఏం చేస్తున్నానో అదే. సముద్రం అదనం."

"వెటకారం వద్దు. పాజిటివ్ వస్తే గదిలో పెట్టి తలుపేస్తారు. వారం రోజులు. కొన్ని గదులకి కిటికీ కూడా ఉండదట."

"తెలుసు. వాళ్లకి ఫోన్ చేసి కనుక్కున్నా."

"ఏం కనుక్కున్నావు?"

"మూడు పూటలా భోజనం తెచ్చి తలుపు కొడతారట. పొద్దునా సాయంత్రం నర్సు ఫోన్ చేసి జ్వరం ఎంతుందని అడుగుతుందట. ఫోన్ తీయకపోతే మనిషే వస్తారట."

"ఇవా నువ్వడిగింది? ఎవరైనా స్విమ్మింగ్ పూల్ ఉందా అని అడుగుతారు."

"అదీ అడిగా. శరణ్య కోసం."

"అది పొద్దుట్నుంచి ఒకటే ఏడుపు. మామయ్యతో ఓడ ఎక్కుతానని స్కూలంతా చెప్పుకుందట... సరేగానీ, నీకు భయం లేదా?"

"ఒకసారి వచ్చి తగ్గిందిగా."

"ఏది?"

"కరోనా."

"నీకా? ఎప్పుడు?"

"పోయిన ఏప్రిల్లో. పదకొండు రోజులు. ఒకరోజు ఆక్సిజన్ ఎనభై తొమ్మిదికి వచ్చింది. మళ్లీ ఎక్కిందిలే."

"దగ్గర ఎవరున్నారు?"

"ఎవరుంటారు? కింద గార్డు భయ్యా పాల ప్యాకెట్ లిఫ్టులో పెట్టి పంపేవాడు. నేను గడియ పెట్టుకోకుండా పడుకునేవాణ్ణి."

"గడియ పెట్టుకోకుండానా? ఎందుకూ?"

"తలుపు పగలగొట్టే పని ఎవరికీ ఉండకూడదని."

"శశీ..."

"పోనీలే అక్కా. అయిపోయింది."

"అయిపోవడమేంటి? ఒక్క మాట చెప్పాలనిపించలేదా? మీ బావకి కర్ఫ్యూ పాస్ ఉండేది. గంటలో వచ్చేవాళ్లం. అంత పరాయివాళ్లమయ్యామా నీకు?"

"చెప్పానక్కా."

"ఎవరికి?"

"మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. నువ్వు చేతులు జోడించిన బొమ్మ పెట్టావు."