వేదిక కింద తొట్టి

(పాత బాప్తిస్టు చర్చి. లోపల మరమ్మతు పనిలో ఉన్న మేస్త్రి, ఆయన భార్య.)

"మళ్ళీ మాట మారుస్తున్నారు. రేపు లోపలికొస్తారా, రారా?"

"లోపలే ఉన్నాగా. ఆ దూలం చూడు. దొరల కాలం నాటి టేకు. చెద ముట్టలేదు."

"దూలం సంగతి ఎవరడిగారు? రేపు ఆరాధనకి."

"వరండా ఉందిగా. ఎండ పడకుండా, లోపలి పాట వినబడేలా కట్టించాడు ఆ దొర, మహానుభావుడు. స్తంభాల మధ్య గాలి ఎంత హాయిగా ఉంటుందో."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ గాలే పీలుస్తున్నారు. నేనేమో బల్ల మీద ఒక్కదాన్నే. పక్కన చోటు ఖాళీగా ఉంటే నాకెంత వెలితో మీకేం తెలుసు?"

"కిటికీలకి రంగుటద్దాలు లేవు, గోడలకి బొమ్మల్లేవు, గమనించావా?"

"గమనించాను. అన్నిటికంటే దేవుడి వాక్యం ముఖ్యమని వేదిక నడిమధ్యన పెట్టించారట. మా తాత చెప్పేవాడు. మీరు గోడల మీదికి పారిపోకండి."

"మరి బాప్తిస్మం తొట్టి గురించి చెప్పలేదేం మీ తాత? వేదిక పలకలు నేను ఎత్తేదాకా ఒక్కరికీ తెలియదు. కింద తొట్టి పెట్టుకుని ఏటికి పోయి మునిగొచ్చేవాళ్ళు."

"కారుతోందని ఎప్పుడో మూసేసుంటారు. మూసినవాళ్ళు పోయారు, మేం మర్చిపోయాం. పలకలు డబడబమంటే ఎలుకలనుకున్నాం."

"ఎలుకలకి మెట్లు కట్టించిన సంఘం మీదొక్కటే."

"నవ్వించకండి, నేను కోపంగా ఉన్నాను. నీళ్ళు నిలుస్తున్నాయా?"

"సున్నంతోనే అతికాను. పాత గచ్చుకి సిమెంటు పడదు. నిన్నట్నుంచీ చుక్క దిగలేదు."

"పోనీ, నేనేం బలవంతం చెయ్యనండీ. ఎవరికి వారు మనసారా ఒప్పుకుంటేనే నీళ్ళలోకి. అదీ మా పద్ధతి."

"ఆ పద్ధతి బాగుంది. పుట్టగానే ముంచెయ్యరు, ఆలోచించుకోనిస్తారు."

"మీ ఆలోచన తెమిలేసరికి ఈ దూలం కూడా పుచ్చిపోయేట్టుంది. ఇదేంటి, మెట్ల పక్కన ఇనప కడ్డీ? ఇది పాతది కాదే."

"నేనే పెట్టాను. పట్టుకుని దిగడానికి."

"రేపు బాప్తిస్మం తీసుకునేవాళ్ళంతా పడుచు పిల్లలు. గెంతుకుంటూ దిగుతారు. వాళ్ళకి కడ్డీ ఎందుకు?"

"వాళ్ళకి కాదులే."

"మరెవరికి? పాస్టరుగారికా? ఆయనా కుర్రాడే."

"మోకాళ్ళ నొప్పులవాడొకడు చివర్లో దిగుతాడు. పాస్టరుగారికి నిన్ననే చెప్పాడు. పెళ్ళానికే ఇంకా చెప్పలేదు."