ఆదెమ్మ పొయ్యి, పోతయ్య గాలి

గోదావరి మీద వంతెన కడుతున్నారు. ఏటి అడుగుకు దించిన ఇనుప గదిలోకి ఒడ్డున ఉన్న కంప్రెసర్ గాలి పంపుతుంటే, ఆ గాలి ఒత్తిడికి నీళ్లు లోపలికి రాకుండా ఆగుతున్నాయి. లోపల కూలీలు పునాది తవ్వుతున్నారు. వాళ్లలో పోతయ్య ఒకడు. ఒడ్డున గాలి మీటర్లు చూసేది వెంకటప్పయ్య. పక్కనే కూలీలకు వండిపెట్టేది పోతయ్య భార్య ఆదెమ్మ.

"ఆ పొయ్యి జరపమని ఎన్నిసార్లు చెప్పాలె ఆదెమ్మా? కంప్రెసర్ గాలి గుంజుకునే కాడనే పెట్టినవ్."

"పొగ అడివి దిక్కు పోతాంది సారూ. నీ మీటరేమంటాంది?"

"మీటరు బాగనే ఉన్నది. అది ఎంత గాలి పోతాందో చెప్తది, ఎసొంటి గాలో చెప్పదు."

"ఈ గోడ చాటుకు తప్ప పొయ్యి అంటుకుంటదా? ఊకో సారూ."

"ఇయ్యాల ఏం కూర? గంత దాచిపెడుతున్నవ్."

"ఎండుచేపలు. మా ఆయనకు పానం. ఎవ్వలకు చెప్పకు. నిన్న నలుగుర్ల తనను జూసి నవ్విన్నని అలిగిండు. పొద్దుగాల 'నీ చేతి కూడు తిన' అనుకుంట దిగిండు."

"తింటడా మరి?"

"పైకొచ్చి కుండల సూసినాంక ఆ మొఖం సూడాలె... సారూ, కిందికెల్లి ఫోను."

"హలో. ఆఁ, పోతయ్యా! అందరు మంచిగున్నరా? తలకాయ నొస్తాందా? కొంచెమేనా?... ఏందీ? ఆదెమ్మా, నీతోనే మాట్లాడుతడట."

"ఏంది మావా?"

"ఏం లేదే. ఎండుచేపలు మాడనియ్యకు. పైకొచ్చి తింట."

"సూసినవా సారూ! అలక పోయింది! ఎండుచేపలు మాడనియ్యకన్నడు, తింటడట!"

"ఎండుచేపలని ఎవలు చెప్పిన్రు?"

"ఎవ్వలు చెప్పలే. ఆయన దిగినాంకనే గదా పొయ్యెక్కిచ్చిన."

"మరెట్ల తెల్సింది?"

"వాసన... ఓయమ్మో! సారూ, వాసన కిందిదాంక పోయిందంటే..."

"పొగ గూడ పోయింది! ఏయ్, నీళ్లు పొయ్యకు, ఇంకింత లేస్తది. ఇసుక పొయ్! నేను పొగ తగలని అవతలి దిక్కు రెండో కంప్రెసర్ ఏస్త."

"పోసిన! కుండ మీదికెల్లి పోసిన!"

"హలో, పోతయ్యా! పని ఆపున్రి. కొత్త గాలొస్తాంది, నిమ్మళంగ కూసోన్రి... ఎట్లున్నది? తేలికైందా? అందరికా? మంచిది, మంచిది. ఇగో ఆదెమ్మా, పట్టు."

"మావా, ఇప్పుడేం వాసనొస్తాంది?"

"ఏం రాట్లే. మాడగొట్టినవానే?"

"ఇసుకల కలిపిన."

"ఓసినీ! తింటనన్న గదనే! ఇంకా కోపమేనా?"

"నీకు వాసన రాట్లే గదా మావా. నా కడుపు నిండింది."