మిగతా మూడు గుర్రాలూ ఎవరివి?

పెద్దలారా, అక్కచెల్లెళ్లారా, గుర్రాలను సాకే నా తోటివాళ్లారా! పనులు ఆపుకుని, లాయాలకు గొళ్లేలు పెట్టి ఇంతమంది వచ్చారు. మన గుర్రాల జాతకాలాయన పోయాడు. మీకు జాతకాలాయన, నాకు పిల్లనిచ్చిన మామగారు.

మన నాటు గుర్రాల్లో ఏది దేని బిడ్డో, దాని అమ్మమ్మ ఏదో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. మనుషుల పేర్లు మాత్రం గుర్తుండేవి కావు. పెళ్లయిన పదేళ్లకు కూడా నన్ను 'ఏమయ్యా, పెద్దమ్మాయి మొగుడూ' అనే పిలిచాడు!

తెల్లదొర గుర్తుందా? ఎందుకుండదు! నాలుగేళ్లు వరసగా పోటీల్లో మొదటొచ్చిన మగ గుర్రం. అందరికీ దాని పిల్లే కావాలి. ఆయనొక్కడే అడ్డం పడ్డాడు. నేను నా ఆడ గుర్రాల్లో ఒకదాన్ని తోలుకెళితే లాయం గుమ్మంలో చేతులు చాపి నిలబడ్డాడు. 'ఇది దాని కూతురేనయ్యా! అన్నిటికీ ఒక్కటే తండ్రయితే ఒక్క జబ్బు చాలు, లాయాలన్నీ ఖాళీ' అన్నాడు. నేను విన్నానా? ఆయన ఊళ్లో లేని రోజు చూసి జత కట్టించాను. పుట్టిన పిల్ల లేచి నిలబడలేదు. మూడు రోజులు ఆయన గడ్డిలో కూర్చుని, దాని తల ఒళ్లో పెట్టుకుని, సీసాతో పాలు పట్టాడు. అది పోయాక నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

అయ్యా, నాకు భయంగా ఉంది. దాచుకోను. మన జాతిలో మిగిలినవి నలభై మూడు ఆడ గుర్రాలు. ఈ ఏడాది పుట్టిన తొమ్మిది పిల్లల్లో నాలుగు బతకలేదు. మన సంఘం పుస్తకం తీస్తే అన్నీ తెల్లదొర సంతానమే!

ఆస్పత్రి మంచం మీద ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. 'పుస్తకం నమ్మకయ్యా. అందులో నాలుగు వేరే నెత్తురువి. గొప్ప కోసం తెల్లదొర బిడ్డలని రాయించారు. అవి చెయ్యిజారితే జాతే పోతుంది' అన్నాడు. ఏవి మామయ్యా అని నేను అడగలేదు. ఎందుకడగలేదు? ఒకటి నాదే కాబట్టి. మర్నాడు ఒప్పుకుందాంలే అనుకున్నాను. మర్నాటికి ఆయన లేడు.

రక్తపరీక్షలు చేయిద్దామంటున్నారు. చేయిద్దాం. కానీ ఫలితాలు రావడానికి చాలా రోజులు పడుతుంది, వచ్చే వారమే పదకొండు గుర్రాలు సంతకు పోతున్నాయి. మనకు కావలసినవి అందులోనే ఉంటే? లారీ ఎక్కి పోయినదాన్ని ఎక్కడని వెతుకుతాం?

నా నుదుటిచుక్క గుర్రం తెల్లదొర బిడ్డ కాదు. అబద్ధం రాయించింది నేనే. నవ్వుతారో, సంఘంలోంచి వెళ్లగొడతారో మీ ఇష్టం. మిగతా మూడూ మీ దగ్గరే ఉన్నాయి.

ఇక లేచి నిలబడండి. ఆయన కోసం రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. ఆ తర్వాత ఎవరూ గుమ్మం దాటొద్దు. ఆ మూడు గుర్రాలూ ఎవరివో చెప్పండి, మీ కాళ్లు పట్టుకుంటాను.